డిగ్రీల మామ

శాంతిపురం మండలంలో మల్బరీ తోట ఉన్న ప్రతి ఊళ్లోనూ ఒక డిగ్రీల మామ ఉంటాడు. పదో తరగతి దాటి ఉండడు. అయినా పట్టుపురుగుల షెడ్డులో గోడకు వేలాడే జంట థర్మామీటర్ల ముందు ఆయన నిలబడే తీరు చూస్తే, శ్రీహరికోట వాళ్లు కూడా కౌంట్‌డౌన్ ఆపి "మామా, వదలమంటావా?" అని అడగాల్సిందే.

పక్కపక్కనే రెండు గాజుగొట్టాలు. ఒకటి ఎండుది, ఇంకోదాని బుడ్డికి తడిగుడ్డ. గుడ్డలో నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఆ బుడ్డి చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే రెంటికీ అంత తేడా. ఎండుది 25, తడిది 21 చూపితే తేమ 70 శాతం, చివరి వయసు పురుగులకు సరిపోయే లెక్క. పిల్లపురుగులకైతే 27, 28 డిగ్రీల వేడి, 85 శాతానికి తగ్గని తేమ కావాలి. ఇదంతా మామ పెళ్లి పంక్తిలో కూర్చుని చెబుతాడు, సాంబారు బకెట్టు దాటిపోతున్నా సరే.

ఇంటికొచ్చిన అల్లుడికి దోమల కాయిల్ వెలిగించుకునే భాగ్యం లేదు. ఆ పొగ పురుగులకు విషం. సెంటు పూసుకొస్తే షెడ్డు గడప తొక్కనివ్వడు. పొగాకు నమిలే వియ్యంకుడి సంగతి ఇక అడగొద్దు. ఎవరైనా నవ్వితే జవాబు సిద్ధం: "హైదరాబాదులో పోషకాహార సంస్థోళ్లు ఎలుకల గదికే వేడి, తేమ లెక్క చూస్తారబ్బా. నా పురుగులు ఎలకలకన్నా తీసిపోయినాయా?" మాట తప్పు కాదు. ప్రయోగ జంతువుల గదుల్లో వేడి 18 నుంచి 29 డిగ్రీలు, తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలని మన దేశపు నిబంధనల్లోనే ఉంది. ఆ అంకెలు విన్నాక మామ మీసం దువ్వాడు: "చూస్తిరా, మనయే సుకుమారం!"

అత్తకు ఈ పట్టికలేవీ తెలియవు. షెడ్డులోకి వచ్చి, ఆకును రెండు వేళ్ల మధ్య నలిపి, "గోనెపట్టలు తడిపి కట్టల్ల" అంటుంది. మామ కళ్లద్దాలు సర్దుకుని, ఎండుదాంట్లోంచి తడిది తీసేసి, పట్టిక మీద వేలు జరుపుకుంటూ పోయి, చివరికి తీర్పు చెబుతాడు: "గోనెపట్టలు తడిపి కట్టల్ల." అప్పటికి ఆమె కట్టేసి, ఆకు కోతకు పోయి ఉంటుంది.

అట్లాంటి ఒక మామ షెడ్డులో, మార్చి నెలలో, పురుగులు నాలుగో జ్వరం (కుబుసం విడిచే నిద్ర) లేచి తోటంతా నమిలేసే ఆకలి మీదున్నప్పుడు, రెండు గొట్టాలూ 30 దగ్గరే ఆగాయి. తేడా సున్న. అంటే తేమ నూటికి నూరు! బయటేమో పెదవులు పగిలే ఎండ. మామ పెదవులను నమ్మలేదు, పట్టికను నమ్మాడు. కిటికీలు తెరిపించాడు, గోనెలు పీకించాడు, సున్నప్పొడి చల్లించాడు. వేసిన ఆకు వేసినట్టే వడిలిపోయింది. వడిలిన ఆకును పురుగు ముట్టదు కదా.

అత్త వచ్చి తడిగుడ్డను ముట్టి చూసింది. వరుగులా ఎండిపోయి ఉంది. ఒక్క మాటా అనకుండా చెంబుతో దానికి నీళ్లు పోసి, గోనెలు మళ్లీ కట్టింది. కాసేపటికి తడిది ఆరు డిగ్రీలు దిగింది.

ఆ సాయంత్రం మామ రికార్డు పుస్తకంలో నీలిసిరాతో రాశాడు: "మధ్యాహ్నం తేమ 100. సాయంత్రం 61. కారణం: వాతావరణంలో ఆకస్మిక మార్పు."