చక్రధారి

చక్రధారి ఇంటికి వెళితే ముందు మంచినీళ్లు రావు, సీడీ వస్తుంది. అంచుల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, మెరిసే వైపు మనకేసి తిప్పి, "ఏం కనిపిస్తోంది?" అంటాడు. మన ముఖమే కనిపిస్తోంది, కాస్త వంకరగా. "అలా కాదండీ, ట్యూబ్‌లైటు కిందకి రండి. కొంచెం వంచండి. అయ్యో, అంత వంచకండి. ఆఁ, ఇప్పుడూ?" మెడ పట్టేసే వేళకి, ఆకుపచ్చ మీద వీసమెత్తు ముదురు ఆకుపచ్చలో ఏదో మసక కనిపిస్తుంది. ఏనుగో, ఎన్టీఆరో తేల్చుకోలేక "ఆహా" అంటాం. అతనికి అది చాలు.

జనమంతా సీడీ మీద మార్కర్‌తో "పెళ్లి – 2" అని రాసుకుని ఊరుకున్న రోజుల్లోనే ఇతనికి ఈ పిచ్చి పట్టింది. యమహా అంటే మనకు బైకు, ఆర్కెస్ట్రావాళ్లకు కీబోర్డు. ఇతనికి మాత్రం 2002లో వచ్చిన సీఆర్‌డబ్ల్యూ-ఎఫ్1 అనే సీడీ రైటరు. పాటలో ఫైళ్లో రాశాక మిగిలిన ఖాళీలో అదే లేజరుతో బొమ్మ వేసేది. ఆ విద్య పేరు డిస్క్ టాటూ. సీడీ లోపలి నుంచి అంచుకి నిండుతుంది గనక సరుకు ఎంత తగ్గితే బొమ్మకి అంత చోటు. అందుకే ఆ రోజుల్లో ఎవరైనా ఇరవై పాటలు అడిగితే చక్రధారి నాలుగు రాసిచ్చేవాడు. మరుసటి ఏడాది యమహా ఆ రైటర్ల వ్యాపారం మానుకుంది. దాన్ని అతనింకా క్షమించలేదు.

2004లో హెచ్‌పీ లైట్‌స్క్రైబ్ తెచ్చింది. ప్రత్యేకమైన పూత ఉన్న డిస్కు కొని బోర్లా పెడితే లేబుల్ వైపు బొమ్మ శుభ్రంగా, నలుగురికీ కనిపించేలా పడేది. చక్రధారికి నచ్చనిది అదే. "నలుగురికీ కనబడాలంటే ఫ్లెక్సీ వేయించుకోవచ్చుగా!"

ఇప్పుడు మామూలు రైటరుతోనే పని కానిస్తున్నాడు. దానికి బొమ్మ అంటే తెలియదు. ఒక్కో బైటునీ 14 బిట్లుగా మార్చి, 1.6 మైక్రాన్ల ఎడంతో చుట్లు తిరుగుతూ ఐదు కిలోమీటర్ల పైచిలుకు సాగే ఒకే గీత మీద మచ్చలుగా కాలుస్తుంది, అంతే. ఏ బైటు కాస్త నల్లగా కాలుతుందో, ఏది తెల్లగా మిగులుతుందో ఇతను పట్టిక రాసుకున్నాడు. అయితే సీడీ గీరుకుపోయినా పాట చెడకూడదని రైటరు పక్కపక్క బైట్లని దూరదూరంగా చెదరగొడుతుంది. కనుక ఇతను వాటిని ముందే ఎదురు చెదరగొట్టి ఇస్తాడు, చెదిరినవి మళ్లీ చెదిరి చక్కబడతాయి. డేటా సీడీ అయితే ఇంకో గజిబిజి అదనం, అందుకని ఆడియో సీడీగా రాస్తాడు. నా మటుకు నాకు మార్కర్ చాలు గానీ, యంత్రానికి తెలియకుండా దానిచేతే బొమ్మ వేయించడం చిన్న దొంగతనమేం కాదు.

ఆడియో అన్న మాటని మామగారు మరోలా అర్థం చేసుకున్నారు. సుప్రభాతం అనుకుని తెల్లవారుజామున ప్లేయర్లో పెట్టారు. ఇల్లదిరేలా హోరు. "వేంకటేశ్వరస్వామే ఉన్నాడు మామగారూ, కాకపోతే వినకూడదు, చూడాలి" అన్నాడు అల్లుడు.

అత్తగారి కథ వేరు. షష్టిపూర్తి గ్రూప్ ఫోటోని డిస్కుకెక్కించి ఆవిడ చేతిలో పెట్టాడు. బొమ్మ పట్టేది నడుమ వదిలేసి చుట్టూ ఉన్న వలయంలోనే. ఫోటోలో నడుమ కూర్చున్నది ఆవిడ. తోడికోడళ్లు, మరదళ్లు అందరూ ఉన్నారు, ఆవిడ ఉండాల్సిన చోట చిల్లు. వ్యాసార్థం 25 మిల్లీమీటర్ల దగ్గర గానీ రాత మొదలవదని ఎంత చెప్పినా ఆ ఏడు దీపావళికి పిలుపు రాలేదు.

గీత మొదలయ్యే చోటూ, చుట్టుకీ చుట్టుకీ ఎడమూ కంపెనీ కంపెనీకి కొద్దిగా తేడా. ఒక్క చుట్టులో పొరపాటు ఎంత చిన్నదైనా, 20 వేల పైచిలుకు చుట్లు తిరిగేసరికి బొమ్మ జిలేబీ అయి కూర్చుంటుంది. పైగా సీడీ-ఆర్ మీద చెరిపి దిద్దుకునే వీలు లేదు. అందుకని కుదిరిన బ్యాచ్ దొరికితే సికింద్రాబాద్ సీటీసీలోని షాపులో ఉన్న స్టాకంతా ఎత్తుకొస్తాడు. "ఇంకెవరైనా అడుగుతున్నారా?" అని ఆశగా అడిగితే షాపతను "మీరే సార్" అంటాడు. దాన్ని ఇతను ప్రశంస అనుకుంటాడు. చెడిపోయిన డిస్కులు బాల్కనీలో దారాలకు వేలాడుతుంటాయి. వాటిని చూసి బెదిరిపోయే పావురాలు ఒక్కటే, ఇతని పనితనాన్ని ట్యూబ్‌లైటు సాయం లేకుండా గుర్తించినవి.

ఈ మధ్య డీవీడీల మీద పడ్డాడు. చుట్ల మధ్య ఎడం 0.74 మైక్రాన్లు, బైటుకి 14 పోయి 16 బిట్లు, పట్టికలన్నీ మళ్లీ మొదటికి. మొన్న వాళ్లింట్లో కూర్చున్నప్పుడు పక్క ఫ్లాటాయన ఊరుకోక, "బ్లూ-రే అని ఇంకోటి కూడా ఉందటగా?" అన్నాడు. చక్రధారి కళ్లు వెలిగాయి. లోపలి నుంచి కాఫీ నాకొక్కడికే వచ్చింది.