అమ్మమ్మ ఎవర్ని కొట్టింది?

మా అత్తగారు చీమకు కూడా హాని చెయ్యరు. ఈ సంగతి నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వీన్‌లో మా పక్కింటావిడకు నచ్చచెప్పలేక నా ప్రాణం విసిగిపోతోంది.

తప్పంతా ‘కొట్టు’ది. అమ్మమ్మ కబుర్లన్నీ మా అమ్మాయి పక్కింటికి డచ్చిలో చేరవేస్తుంది. కొట్టడానికి దానికి తెలిసిన మాట ఒక్కటే, స్లాన్. ఆ లెక్కన అమ్మమ్మ పొద్దున్నే కొబ్బరికాయని కొట్టింది, తర్వాత ఫోన్‌ని కొట్టింది. తాతయ్య చిన్నప్పుడు కృష్ణలో ఈతని కొట్టాడు, ఇప్పుడు అందరికీ బోరుని కొడుతున్నాడు. ఇంతవరకూ ఆవిడ ఓర్చుకుంది. పెళ్ళిచూపుల్లో తాతయ్య అమ్మమ్మ కన్ను కొట్టాడని వినగానే వచ్చి మా తలుపు కొట్టింది.

డచ్చివాళ్ళు 1605లోనే మచిలీపట్నం వచ్చి కొట్టు పెట్టిన జాతి! ఇంత పాత పరిచయం ఉండీ నాకు పనికొచ్చే మాట ఒక్కటి మిగల్చలేదు.

పోనీ వాళ్ళ స్లాన్ ఏమైనా తిన్నగా ఉంటుందా? నాణెం ముద్రించినా స్లాన్, వంతెన వేసినా స్లాన్. ముందు ‘ఓప్’ తగిలిస్తే ఫైలు దాచుకోవడం, ‘ఓవర్’ తగిలిస్తే దాటెయ్యడం. బడి చివరి పరీక్ష పాసైతే ఖెస్లాఖ్ట్. ఇంటి ముందు జెండా ఎగరేసి దానికి పుస్తకాల సంచి వేలాడదీస్తారు. తన్నులు తింటే ఖెస్లాఖెన్. మా బళ్ళో రెండోది జరిగితేనే మొదటిది జరిగేది. ఇక ఆన్‌స్లాఖ్ ఉంది. బాంబు దాడీ అదే, కెటిల్ అడుగున పేరుకునే తెల్లటి సున్నపు పొరా అదే, నీలం కవరులో ఇంటికొచ్చే పన్ను నోటీసూ అదే. మొదటి కవరు రాగానే నిఘంటువు తీశాను. దాడి, హత్యాయత్నం అని ఉంది. కట్టాల్సిన మొత్తం చూశాక నిఘంటువు మీద గౌరవం పెరిగింది. కెటిల్‌దైతే కాస్త వెనిగర్ పోసి మరిగిస్తే వదులుతుంది. కవరుది కట్టేదాకా వదలదు.

ఈమధ్య మా అమ్మాయి అమ్మమ్మతో మహా జాగ్రత్తగా మాట్లాడుతోంది. ఫోన్ చేశావా, తాతయ్య ఈత చేశాడా, నేను చప్పట్లు చెయ్యనా అంటోంది. అన్నిటికీ ‘చెయ్యి’ ఒక్కటే. పక్కింటికి ఎలా మోసినా ఇక ఎవరికీ దెబ్బ తగలదు. అత్తగారు మురిసిపోతూ సరేనమ్మా అంటున్నారు. నాకే ఎందుకో నవ్వు రావడంలేదు.

కొత్తగా డచ్చి దేశం వచ్చేవాళ్ళకు ఒక్క మాట: నీలం కవరు వస్తే నిఘంటువు తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు, ముందు గడువు తేదీ చూడండి.