అజెండా అంశానికి టీకా తాత్పర్యం

అవతారిక: నరసరావుపేట కానివ్వండి, మాచర్ల కానివ్వండి, పల్నాటి మునిసిపాలిటీల్లో పేదల ఇళ్ళ ప్రస్తావన వచ్చినప్పుడల్లా కౌన్సిల్ ముందుకు కింది మూలంలాంటి వాక్యమొకటి వస్తుంది. గ్రంథకర్త కమిషనరా, టౌన్ ప్లానింగ్ సెక్షనా అన్న వివాదం ఉంది. క్రియాపదం లేకపోవడాన్ని బట్టి సెక్షనే అని నా నిశ్చయం.

మూలం: పేదల గృహవసతికై సేకరించిన వ్యవసాయ భూమిని నిబంధనలకు లోబడి నివాస జోనుగా మార్చుటకు కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం.

ప్రతిపదార్థం: పేదల = తెల్లకార్డు గలవారియొక్క; గృహవసతికై = పట్టా చేతికిచ్చి ఫోటో దిగుటకై (ఇల్లు తరువాతి కాండలో); వ్యవసాయ భూమిని = మాస్టర్ ప్లానులో పచ్చరంగు పూసినదీ, పోను రాను ఆటో ఛార్జీ పోతే కూలిలో ఏమీ మిగలనంత దూరానిదీ అగు నల్లరేగడిని; నివాస జోనుగా = పసుపు రంగుగా; ఆమోదం నిమిత్తం = చదివి వినిపించుటకు.

తాత్పర్యం: పచ్చరంగున్న చోట గజం చవక. అందుచేత పేదవాడు ముందు అక్కడికి పోవును. రంగు వెనుక మారును. నీళ్ళ పైపు ఆ వెనుక వచ్చును.

విశేషాలు: ‘నిబంధనలకు లోబడి’ అన్నచోట వ్యాఖ్యాతలందరూ తడబడ్డారు. 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ళ పట్టాల పంపిణీ ప్రతిలో పట్టణంలో పేదకు ఒక సెంటు. అంటే 435.6 చదరపు అడుగులు. 2024 తర్వాతి ప్రభుత్వ ప్రతిలో ‘రెండు సెంట్లు’ అని పాఠాంతరం. మొదటి ప్రతినే తీసుకుందాం. సర్కారు నమూనా ఇల్లు 340 చదరపు అడుగులు. 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం ఇంత చిన్న స్థలంలోనూ ముందువైపు మీటరున్నర సెట్‌బ్యాక్ వదలాలి. స్థలం వెడల్పు ఇరవై అడుగులైతే ఆ వదిలే జాగాయే తొంభై ఎనిమిది చదరపు అడుగుల పైచిలుకు. రెంటినీ కూడి చూడండి: సెంటు మీద దాదాపు మూడు చదరపు అడుగులు పైకి తేలుతుంది. సర్కారు లెక్క గనుక దీన్ని ఆర్షప్రయోగంగా గ్రహించాలి.

ఆ మీటరున్నర ఎందుకన్నది శాస్త్రం చెప్పలేదు, ఎండాకాలం చెబుతుంది. రెంటచింతల ఎండలకు పగలంతా కాగిన స్లాబు కింద రాత్రి పడుకోలేక మనిషి నులకమంచం బయటికి లాగుతాడు. మంచం ఆరడుగులు, సెట్‌బ్యాక్ అయిదుకి అంగుళం తక్కువ. నిలువుగా వేస్తే కాళ్ళు ప్రభుత్వ రోడ్డు మీద. అడ్డంగా వేస్తే నిబంధనకు పూర్తిగా లోబడినట్టే, కానీ ఇంట్లోవాళ్ళు బయటికి రావాలంటే మంచం దాటాలి.

శంక: మరి సెట్‌బ్యాక్ ఎగ్గొట్టి మూడంతస్తులు లేపినవారి గతి? సమాధానం: వారికి వేరే శాస్త్రం ఉంది, జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాన్ని సక్రమం చేసేది, పేరు బీపీఎస్. 2007 డిసెంబరులో పుట్టింది, ఒక్కసారికే అన్నారు. తర్వాత 2015లో, 2019లో, మళ్ళీ 2025లో వచ్చింది. కావ్యంలో అయితే దీన్ని పునరుక్తి దోషమంటారు. అనుమతి లేని వెంచర్లను సక్రమం చేసేందుకు ఎల్ఆర్ఎస్ అని దీని తోబుట్టువు. పార్కుకు పది శాతం వదలని లేఅవుట్లో కొన్నవాడు స్థలం విలువలో ఇంత శాతమని కడితే సరి. పార్కు మాత్రం కాగితం మీదికీ రాదు. ‘లోబడి’ అన్న పదానికి డబ్బున్నచోట ‘రుసుము చెల్లించి’ అనీ, లేనిచోట ‘లోబడి’ అనీ అర్థం. నా మాట కాదు, భవన నియమాల జీవో, బీపీఎస్ జీవో రెండూ పక్కన పెట్టుకుని చదివితే ఎవరికైనా తట్టేదే.

‘కౌన్సిల్ వారి’ అనుచోట ఒక మాట. 2021 మార్చి ఎన్నికల్లో మాచర్ల 31 వార్డులూ, పిడుగురాళ్ళ 33 వార్డులూ ఏకగ్రీవం. తర్కశాస్త్రం పూర్వపక్షం లేనిదే సిద్ధాంతాన్ని ఒప్పుకోదు. మునిసిపల్ చట్టానికి ఆ పట్టింపు లేదు.

ఇక పూర్వపక్షం మిగిలింది జనానికే. జోను మార్పు మీద అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలపమని పేపర్లో నోటీసు వేస్తారు, సర్వే నంబర్లతో, చీమ తలకాయలంత అక్షరాల్లో. కాలనీకి పోయే దారిలో బజ్జీల బండి దగ్గర పొట్లం విప్పినవాడికి అది నూనె మరకల్లోంచి కనపడేసరికి పదహారో రోజు.