గడియ

జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దోవ పక్క పల్లెల్లో కోడి ఆడవాళ్ల ఆస్తి. పొలం మొగుడి పేరు మీద ఉంటుంది. ఎద్దులను సంతకు తోలేది, అమ్మేది మగవాళ్లే. గుడ్లమ్మిన డబ్బు మాత్రం నేరుగా ఆడమనిషి కొంగుముడిలోకి పోతుంది. పిల్లల పలకలు, జ్వరం బిళ్లలు, కూతుళ్ల గాజులు ఆ ముడిలోంచే వచ్చినాయి. అందుకే పశువుల ఆస్పత్రిలో పనిచేసినన్నాళ్లూ, కోడి పోయిందని వచ్చిన ముసలమ్మ మాటను ఎద్దుకు రోగమని వచ్చిన రైతు మాటంత శ్రద్ధగానూ విన్నాను.

అట్లా వచ్చింది ఒక అవ్వ.

"నాయనా, నక్క నా కోళ్లను బతకనిచ్చేట్టు లేదు. ఏదన్నా ఉపాయం చెప్పు" అంది.

ఆమె కూతురు పులివెందులలో కాపురం. నిండు చూలాలు, తొలి కాన్పు. పుట్టింటికి వచ్చే బిడ్డకు బాలింత రోజుల్లో నాటుకోడి పులుసు, రాగి సంగటి పెట్టి నడుముకు సత్తువ తేవాలని అవ్వ ఏడాదిగా కోళ్లను సాకుతోంది. ఒక్క పెట్టను కోసింది లేదు, అమ్మింది లేదు.

ఆమె ఇల్లు ఊరి చివర. దొడ్డి వెనక సర్కారు తుమ్మ కంప, దాని వెనక వంక, ఆ పైన ఎర్రమల కొండలు. నక్కలు తిరిగే చోటే. అయినా నక్క మీద నేరం మోపే ముందు జాడ చూడాలి. పట్టపగలు పిల్ల మాయమైతే ముందు గద్దను అనుమానించాలి. గూట్లో మెడలు కొరికి రెండు మూడింటిని చంపి అక్కడే వదిలితే ముంగిస. అడవిపిల్లి ఒకదాన్ని పట్టుకుని కంపలోకి పోయి తింటుంది. ఊరకుక్కలు పడితే తినేదానికన్నా చంపి పారేసేదే ఎక్కువ. పాము గుడ్డును మింగితే పెంకు ముక్క కూడా దొరకదు. నక్కేమో కోడిని నోట కరుచుకుని ఉరుకుతుంది, పోయిన దోవలో ఈకలు రాలుతాయి.

అవ్వ దొడ్డిలో రెండు జాడలు కనిపించాయి. పగలు గద్ద, తెల్లవారుజామున ముంగిస. పొదిగిన గుడ్డు ఇరవై ఒక్క రోజులకు పిల్లవుతుంది. ఆ తర్వాత రెండు నెలలే గండం. అన్నాళ్లూ పిల్లలను తల్లితో పాటు గంప కింద ఉంచి, గంప మీద రాయి పెట్టమన్నాను. బయట వదిలినప్పుడు ఉరికి దూరేదానికి దొడ్డిలో అక్కడక్కడా కంపమండలు వేయించాను. గూటికి అరంగుళం కన్నుల ఇనుప జాలీ బిగించాము. ముంగిస తవ్వి లోపలికి రాకుండా అడుగున కడప బండలు పరిచాము. తలుపుకు కొత్త ఇనుప గడియ. పొద్దు గూకక ముందే లెక్క చూసి గడియ పెట్టడం అవ్వ పని.

పిల్లలు పోవడం ఆగిపోయింది.

అయితే పెద్దకోళ్లు పోవడం మొదలైంది. ఒక్కొక్కటిగా.

కబురు అందితే ఒక ఆదివారం పొద్దున పోయాను. అవ్వ కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో గుమాస్తా. వారానికొక రాత్రి ఇంటికి వచ్చి పోతాడు. నాతో మాట్లాడుతూనే ఫోన్లో క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాడు.

"మీ జాలీలు, బండలు నక్కను ఆపలేవు సార్. నేను గుళికల మందు తెచ్చినా. మాంసం ముక్కలో కలిపి కంపలో పెడితే ఒక్క రాత్రిలో పీడ పోతాది" అని పొట్లం చూపించాడు.

నాకు కోపం వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కను చంపడం నేరమని చెప్పాను. ఆ ముక్క తిన్న నక్క చస్తుంది, దాన్ని పీక్కుతిన్న కుక్కలు, కాకులు, గద్దలు చస్తాయి, చివరకు ఆ కోళ్లే వాలి పొడిచినా చస్తాయని చెప్పాను. చేలల్లో శెనక్కాయలు తోడుకుపోయే ఎలుకలను, పందికొక్కులను నక్క తింటుంది. దాని మేలు మనకు కనపడదు, కోడి ఈక మాత్రం కనపడుతుంది.

"మా అమ్మ కష్టం మీకు కనపడదా సార్? చెల్లెలు కాన్పుకొచ్చే నాటికి గూట్లో ఏం మిగుల్తాది?" అన్నాడు గొంతు పెంచి. పొట్లం తల్లి చేతిలో పెట్టి, సంచి భుజాన వేసుకుని బస్సుకు పోయాడు.

గూడు చూశాను. జాలీ చెక్కుచెదరలేదు. బండలు కదల్లేదు. రక్తపు చుక్క లేదు, రాలిన ఈక లేదు.

"రాత్రి కోళ్లు అరవలేదా అవ్వా?"

"లేదు నాయనా. శనివారం ఒక్కపొద్దు గదా, నిద్ర సరిగా పట్టదు. అరిస్తే వినపడేదే."

"పోయినవన్నీ శనివారం రాత్రేనా?"

అవ్వ జవాబు చెప్పలేదు. చేతిలో పొట్లాన్ని అటూ ఇటూ తిప్పింది.

చీకట్లో కోడికి కళ్లు కనపడవు. మృగం మీద పడితే గూడంతా గోల చేస్తుంది. మెల్లగా రెక్కల కింద చెయ్యి వేసి ఎత్తితే మాత్రం గుర్రుమని ఊరుకుంటుంది. ఈ సంగతి నాకు తెలుసు. కోళ్లు సాకిన అవ్వకు నాకన్నా బాగా తెలుసు.

మాట మార్చేదానికి అమెరికా సంగతి ఎత్తాను. అక్కడా పెరట్లో కోళ్లను తిరగనిచ్చి పెంచుతారని, మన నక్కకు దాయాది లాంటి కయోటీ వాళ్లకు పెద్ద బెడదని, అందుకే చీకటి పడకముందే వాళ్లూ మనలాగే గూడు మూస్తారని చెప్పాను. "రాకూన్ అని ఇంకో జంతువుంది అవ్వా. ముందు కాళ్లతో మనిషి మాదిరే గడియ తీస్తుంది. అందుకని అక్కడ తలుపుకు రెండేసి కొక్కేలు పెడతారు."

అవ్వ శ్రద్ధగా విన్నది.

"గడియ తీసేది ఉందంటాండావు, సరే. కోడిని తీసుకుని మళ్లా గడియ పెట్టి పోయేది కూడా యాడన్నా ఉందా నాయనా?"

నేనేం చెప్పేది? గూటి ముందు పొయ్యి బూడిదను జల్లించి పలచగా చల్లమన్నాను. కోళ్లు పేన్లు పోయేదానికి ఎట్లాగూ బూడిదలో పొర్లుతాయి, చల్లినా ఎవరికీ వింతగా ఉండదు. రాత్రి ఎవరొచ్చినా అడుగు పడుతుంది.

మరుసటి ఆదివారం కొత్తగా లేచిన పిల్లలకు కొక్కెర తెగులు రాకుండా కంట్లో చుక్కలు వేయాలి. పొద్దున్నే పోయాను. వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. నల్లపెట్ట పోయింది. కూతురికి తొలి సంగటి ముద్దలోకని అవ్వ పేరు పెట్టి దాచుకున్న పెట్ట అది.

"చూసినారా సార్! ఆ రోజే నా మాట విని మందు పెట్టనిచ్చింటే ఇంతవరకు వచ్చునా?" కొడుకు నలుగురికీ వినపడేట్టు అరుస్తున్నాడు. "నక్క మీద ఉండే జాలి మా అమ్మ మీద లేకపాయె మీకు!"

అవ్వ గూటి పక్కన కింద కూర్చుని ఉంది. తలుపు ముందు ఒక గంప బోర్లించి ఉంది. దాని కింద పిల్లల కిచకిచలు లేవు.

"బూడిద చల్లినావా అవ్వా?" మెల్లగా అడిగాను.

"బూడిదేంది?" అన్నాడు కొడుకు.

"రేత్రి నువ్వు పండుకున్నాంక చల్లినా" అంది అవ్వ.

"అడుగు పడిందా మరి? నక్కదేనా?" ఆత్రంగా ముందుకు వంగింది పక్కింటామె.

కొడుకు గొంతు పెగల్లేదు. అవ్వ చుట్టూ చూసింది. పిల్లలకు మేత వేయమని ఆడవాళ్లందరినీ కొట్టం వైపు పంపించింది. వాళ్లు పోయేదాకా ఆగి, గంప ఎత్తింది.

బూడిదలో వట్టి కాలి అడుగు. ఐదు వేళ్లూ తేటగా పడ్డాయి.

అవ్వ కొంగుముడి విప్పింది. అందులో డబ్బులు లేవు, గుళికల పొట్లం ఉంది. తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"నక్క అడుగైతే సారు వద్దన్నా వినకుండా నేనే ఈ మందు పెట్టిందును అబ్బీ. ఈ కాలికి నడక నేర్పింది నేనే గదా, దీనికెట్లా పెడ్తును?"