నేను చెయ్యి అనే మాటను

నేనొక మాటను. నా పేరు చెయ్యి. పుస్తకాల్లో చేయి అని రాస్తారు, ఇళ్ళల్లో చెయ్యి అంటారు, సమాసంలో ఇరికించాల్సి వస్తే చే అని కుదిస్తారు. పసిబిడ్డకు నేర్పే మొదటి మాటల్లో నేనూ ఒకదాన్ని. రోజూ నోట్లో ఆడే మాట కాబట్టి నా పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగరు. అందుకే నేనే చెబుతాను.

మాది ద్రావిడ కుటుంబం. అక్కడ నా తొలి పేరు కయ్. తమిళం, మలయాళం, కన్నడం, తుళు భాషల్లో నా తోబుట్టువులను ఇప్పటికీ కై అనే పిలుస్తారు. తెలుగింటికి వచ్చాక నా పలుకు మారింది. ఇ, ఎ అచ్చుల ముందున్న కకారం తెలుగువాళ్ళ నోట చకారమైంది. కన్నడిగుల కివి ఇక్కడ చెవి, వాళ్ళ కెరె ఇక్కడ చెరువు. ఆ దారిలోనే కయ్ కెయ్ అయి, చివరికి చెయ్ అయింది. ఈ చుట్టరికాలు పండితులు తేల్చినవే. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే దొర నిరూపించాడు. 1961లో బరో, ఎమెనో అనే పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు మా తోబుట్టువులందరినీ ఒక్కచోట చేర్చింది.

పాత పేరు మాత్రం తెలుగులో పూర్తిగా మాసిపోలేదు. కైవసం, కైమోడ్పు, కైదండ, కైకొనడం, ఇవన్నీ నా పిల్లలే. అలాగని కై అని మొదలయ్యేవన్నీ నావి కావు. కైంకర్యం సంస్కృతంలోని కింకర శబ్దం నుంచి వచ్చింది, కైఫియత్తు అరబ్బీ నుంచి వచ్చింది. చేయడం అనే క్రియ కూడా నాకు పుట్టింటి బంధువు కాదు. తమిళంలో చేతిని కై అంటారు, చేయడానికి మరో ధాతువు ఉంది. తెలుగులో ఇద్దరి పలుకూ ఒక్కటైపోయి కవలల్లా కనిపిస్తున్నాం. పనిచేసేది చెయ్యే కాబట్టి ఆ పోలిక నాకు ఇష్టమే.

వ్యాకరణంలోనూ నాకు మంచి చోటే దొరికింది. నెయ్యి నేతి అయినట్టు, గొయ్యి గోతి అయినట్టు, నుయ్యి నూతి అయినట్టు, నేను చేతి అవుతాను. చేతికర్ర, చేతిసంచి, చేతిరాత అలా వచ్చినవే. అంతకన్నా పెద్ద గౌరవం మరొకటుంది. తృతీయా విభక్తిలోని చేత ప్రత్యయం నా నుంచి పుట్టిందే. ఫలానా కవి చేత రాయబడింది అంటే ఆ కవి చేతిమీదుగా అయిందని అర్థం. నా చేత కాదు, చేతనైన సాయం అన్నప్పుడు పలికేదీ ఆ విభక్తే. ఒక అవయవం పేరు, పని ఎవరి వల్ల జరిగిందో తెలిపే గుర్తుగా ఎదిగింది.

మనిషి బతుకులోని మంచీ చెడూ రెండూ నా మీదుగా నడిచాయి. చేయూత నేనే, చేబదులు నేనే. కొడితే చేయి చేసుకోవడం, నమ్మించి మోసగిస్తే చెయ్యివ్వడం, లంచమిస్తే చెయ్యి తడపడం, దొంగిలిస్తే చేతివాటం. దానధర్మాలు చేసేవాడి చేతికి ఎముక లేదంటారు, పనిలో ఆరితేరినవాణ్ణి చెయ్యి తిరిగినవాడంటారు. పోచంపల్లిలో, మంగళగిరిలో, గద్వాలలో, వెంకటగిరిలో మగ్గం ఆడుతున్నంతకాలం చేనేత అన్న నా బిడ్డకు లోటు లేదు.

నా సంతానంలో నాకు మరీ ముద్దైన జంట చేదోడు వాదోడు. చే అంటే నేను. వా అంటే వాయి, నోటికి పాత పేరు. చేతితో తోడు, మాటతో తోడు. ఒకరికొకరు ఎలా నిలబడాలో ఈ జంట రెండు ముక్కల్లో చెబుతుంది. వాయి వాడుకలోంచి జారిపోయింది. నన్ను పట్టుకునే ఇక్కడ బతికి ఉంది.

తెలుగింటికి కోడళ్ళుగా వచ్చిన పరాయి మాటలతో కూడా నేను కలిసే ఉన్నాను. సంస్కృతం నుంచి హస్తం, కరం, పాణి వచ్చాయి. హస్తవాసి, కరచాలనం, పాణిగ్రహణం వాటి సొత్తు. ఏనుగును హస్తి అనడానికి కారణం దాని తొండం, అదే దాని చెయ్యి. పారశీకంలో చేతిని దస్త్ అంటారు. అది హస్తానికి దగ్గరి చుట్టం. తెలంగాణలో ముఖం తుడుచుకునే దస్తీ, కచేరీల్లో దాచే దస్తావేజు ఆ ఇంటివే. పారశీకం నుంచే వచ్చిన రుమాలులో రూ అంటే ముఖం, మాల్ అంటే తుడిచేది. దాని ముందు నన్ను చేర్చి చేతిరుమాలు అన్నారు. అక్కడ పారశీకమూ తెలుగూ హాయిగా కలిసిపోయాయి.

కొత్త మాటలు వస్తే నాకు బాధ లేదు. ఉన్న మాటలను వదిలేస్తేనే బాధ. చేబదులు హ్యాండ్ లోన్ అయింది, చేనేత దుకాణం మీద హ్యాండ్లూమ్స్ అని రాస్తున్నారు, సంతకానికి తెలుగు మాటైన చేవ్రాలు అరుదైపోయింది. ఒక్కో మాట వెనక వందల ఏళ్ళ బతుకు ఉంది. అది పోతే దాని చుట్టూ ఉన్న సామెతలు, చుట్టరికాలు కూడా పోతాయి.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈసారి పొరుగువారి దగ్గర డబ్బు తీసుకుంటే చేబదులు అనండి. పిల్లలకు చేదోడు వాదోడు అర్థం విడమరిచి చెప్పండి. మాటను వాడటమే దానికి మీరిచ్చే చేయూత.