నౌపడ వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: హౌరా–మద్రాసు మెయిన్‌లైను మీద నౌపడ ఒక జంక్షను. ఇక్కడినుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా బ్రాంచిలైను పోతుంది. పర్లాకిమిడి రాజావారి పూనికతో 1900లో చిన్న రైలుగా మొదలై, ఈ శతాబ్దంలోనే బ్రాడ్‌గేజికి మారింది. జంక్షన్లలో పుట్టే వాఙ్మయానికి ఒక లక్షణం ఉంది. ఒక బండి దిగి ఇంకో బండికోసం కాచుకునేవాడికి కాలం మెండు, ఆధారాలు తక్కువ. అందుచేత అక్కడి తీర్పులన్నీ సూత్రాల్లా పొట్టిగా ఉంటాయి, ఎదురు చెప్పడానికి సందివ్వవు. వ్యాఖ్యాత పూనుకోనిదే వాటికి గతి లేదు. ప్రస్తుత మూలం ఇది:

“కంచైతే ఏటి? మనోల్లందర్లోనూ మల్లీశ్వరే ఫస్టు.”

కర్త అజ్ఞాతుడు. కాలం మాత్రం 2000 సెప్టెంబరు 19కి, అంటే మల్లీశ్వరికి సిడ్నీ కంచు వచ్చిన రోజుకు, ఇవతలిదని అంతరసాక్ష్యం. 1993 ప్రపంచ పోటీల్లోనూ ఆమెకు కంచు వచ్చింది కదా అనే పండితులుంటారు. నిజమే, కానీ అప్పుడు టీబడ్డీల్లో ఆ ఊసెత్తినవాడు లేడు. పత్రికల ప్రతుల్లో మల్లేశ్వరి, మల్లీశ్వరి అని రెండు పాఠాలూ కనిపిస్తాయి, అర్థభేదం లేదు. టెక్కలి ప్రతిలో ‘ఫస్టు’కు బదులు ‘టాపు’ అని ఉందంటారు. ఛందస్సే లేదు గనక భంగమూ లేదు.

ప్రతిపదార్థం: కంచైతే = వచ్చిన పతకం కాంస్యమే అయినప్పటికీ; ఏటి = వచ్చిన లోటేమి (ఇది ప్రశ్న కాదు, గద్దింపు; జవాబు చెప్పబోవడం అవివేకం); మనోల్లందర్లోనూ = మనవాళ్లందరిలోనూ (ఈ ‘మన’ ఎందాకా అన్నదే ముందుముందు తగవు); మల్లీశ్వరే = కరణం మల్లీశ్వరియే (ఏకారం అవధారణార్థకం, రెండోవారికి పీట లేదని భావం); ఫస్టు = అగ్రగణ్య. తాత్పర్యం: సిడ్నీ ఒలింపిక్స్ నుంచి కాంస్యమే తెచ్చినా, బలానికీ ఆటకీ పేరుపడిన మనవాళ్ల వరసలో మొదటి స్థానం ఆమెది. ఇంతవరకు సుగమం. చిక్కంతా విశేషాంశాల్లో ఉంది.

పతకం రంగునుబట్టే వరస కట్టాలనేవారు మొదటి పూర్వపక్షులు. వీరికి జవాబు సిడ్నీ లెక్కల్లోనే ఉంది. 69 కిలోల విభాగంలో మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన మార్కుష్ ఇద్దరూ 242.5 ఎత్తారు, ఒంటిబరువు తక్కువైన లిన్‌కు బంగారం దక్కింది. అంటే బంగారానికీ కంచుకీ మధ్య దూరం రెండున్నర కిలోలు. ఆఖరి ప్రయత్నానికి మల్లీశ్వరి 137.5 అడిగింది, నిలబెట్టలేకపోయింది. ముగిసిన పోటీని ముందేసుకుని కూడికలు చేసేవారు 135 అడిగినా 245 అయ్యేది కదా, బంగారమే కదా అంటారు. ఈ ఆక్షేపణను తోసిపుచ్చడానికి వ్యాఖ్యాత దగ్గర మందు లేదు. అది తొందరపాటో లెక్క తప్పో, ఆమె ఖాతాలో ఉండవలసిందే. అయితే అసలు వాదం వేరే ఉంది. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చిందే 2000లో. మల్లీశ్వరి 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో గ్వాంగ్‌జౌలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. మరుసటేడు అట్లాంటాలో ఒలింపిక్స్ జరిగాయి గానీ ఆమె ఎక్కడానికి అక్కడ వేదికే లేదు. వేదిక వేసేసరికి ఆమెకు పాతికేళ్లు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల్లో రజతం తెచ్చి, అక్కడినుంచి 69కి పెరిగి వచ్చింది. రెండేళ్లు వరసగా లోకాన్ని గెలిచిన మనిషి, పదిహేను కిలోలు పైనున్న విభాగంలో, తన మంచి కాలం దాటాక తెచ్చిన పతకం అది. కాబట్టి కంచును చూసి ఆమెను కొలవడమంటే సాయంత్రం నీడను కొలిచి మనిషి పొడుగు చెప్పడమే. కర్త ‘ఏటి’ అని కసరడంలో ఇంత ధ్వని ఉంది. అతనికి తెలిసే అన్నాడా అన్నది వేరే సంగతి.

ఇక ‘మనోల్లు’. ఆమె యమునానగర్ కోడలు, ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వెళ్లింది, మనమనిషి ఎలా అవుతుందని కొందరి సందేహం. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగింది. తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబులు. నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువెత్తడం నేర్చింది. రైలు జంక్షనులో పుట్టిన వాక్యానికి ఇంతకన్నా దగ్గరి చుట్టరికం అక్కర్లేదు. విజయనగరం మహారాజకుమారుడు 1936లో భారత క్రికెట్ జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్లాడు. ఆయన కూడా మనవాడే, వరసలో ఆయన చోటెక్కడో చెప్పడానికి టీక అవసరం లేదు.

గట్టి పూర్వపక్షం వీరఘట్టం నుంచి వస్తుంది. కోడి రామమూర్తి ఉండగా మరొకరు ఫస్టు ఎలా అవుతారు? కలియుగ భీముడని బిరుదు, గొలుసులు తెంచాడు, కారును కదలకుండా పట్టాడు, ఛాతీమీద ఏనుగును ఎక్కించుకున్నాడు. శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. దీనికి కొందరు చవకబారు సమాధానం చెబుతారు: 2022లో జిల్లాలు చీల్చినప్పుడు వీరఘట్టం పార్వతీపురం మన్యంలోకి పోయింది, కనుక ఆయన ఇప్పుడు మనవాడు కాడని. సర్కారు గెజిట్‌తో గెలిచే వాదం మాకొద్దు. సరైన సమాధానం నౌపడ ఉప్పు మళ్లలోనే దొరుకుతుంది. బస్తా ఎంత బరువుగా ఉందో మోసినవాడి భుజానికి తెలుసు, అయినా కూలీ లెక్క మాత్రం కాటా మీదే తేలుతుంది. రామమూర్తిగారి బలాన్ని శంకించడం లేదు. ఆయన ఘనకార్యాలకు కాటా లేదు. ఏనుగు తూకమెంత, కారు ఎంత జోరుమీద ఉంది, అదే పని అదే రోజు ఇంకొకడు చేయబోయి ఓడిపోయాడా, ఇవేవీ రాతలో లేవు. ఆయన తప్పు కాదది. ఆ కాలంలో బలాన్ని చూపించుకోవడానికి సర్కసు డేరా ఉంది గానీ, ఒకే ఒంటిబరువువాళ్లను ఒకేచోట నిలబెట్టి ముగ్గురు న్యాయనిర్ణేతలు దీపాలు వెలిగించే వేదిక ఆయనకు దొరకలేదు. అందుచేత ఆయనను వరసలో కిందకు దించడం లేదు, వరస బయట వేరే పీట వేస్తున్నాం. స్టేడియం పేరు ఆ పీటకే చెల్లుతుంది. కాటా కట్టిన వరసలో మాత్రం ఉత్తరాంధ్రలో మల్లీశ్వరి పక్కకు వచ్చేవారు లేరు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ బరువులెత్తేవాళ్ల ఊరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. గొప్ప సంగతే. ప్రపంచ విజేత కావడం మాత్రం ఇంకా చాలా దూరం.

ఇలాంటి వరసల తగవు మెక్సికో వాళ్లకు నిత్యకృత్యం. అక్కడ బాక్సింగ్ విజేతలు డజన్లకొద్దీ ఉన్నారు గనక వాళ్ల వాదాలు మనకన్నా ముదిరినవి. జూలియో సీజర్ చావెజ్ 87 పోరాటాలు ఓటమి లేకుండా గెలిచాడు, మూడు బరువు విభాగాల్లో కిరీటం పట్టాడు. 1993లో విటేకర్‌తో డ్రా, 1994 జనవరిలో రాండల్ చేతిలో తొలి ఓటమి. రికార్డో లోపెజ్ 51 గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, ఒక్కటీ ఓడకుండా బరి వీడాడు. అయినా మొదటిపేరుగా చావెజ్‌నే చెప్పేవారు ఎక్కువ. శాల్వడార్ శాంచెజ్ 1982లో ఇరవైమూడేళ్లకే కారు ప్రమాదంలో పోయాడు; గోమెజ్‌ను, నెల్సన్‌ను ఓడించాడన్న ఒక్క కారణానికి నేటికీ పై వరసలో ఉన్నాడు. దీన్నిబట్టి ఒక న్యాయం ఏర్పడుతోంది: మచ్చలేని లెక్కకన్నా ఎవరిని గెలిచావన్నది పెద్దది, ఒకే బరువులో కూర్చోవడంకన్నా బరువులు దాటడం పెద్దది. ఈ న్యాయం ప్రకారం 54 నుంచి 69కి నడిచిన మల్లీశ్వరి దారి ఆమె పక్షానే సాక్ష్యం చెబుతుంది. అదే న్యాయం ఆమెకు ఎదురు కూడా తిరుగుతుంది. తొంభైల్లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ లేత విద్య, వాళ్ల ప్రపంచ పోటీలు మొదలైందే 1987లో. పోటీకి వచ్చిన దేశాలు తక్కువ కాబట్టి ఆ కిరీటాలు తేలిక అనేవారున్నారు. ఆ విద్యలో చైనాను మించినవారు లేని రోజులవి, గ్వాంగ్‌జౌ వాళ్ల సొంత ఊరు. అక్కడ గెలవడం తేలిక అనడం కుదరదు. కానీ విశాలమైన పోటీ అనడం కూడా కుదరదు.

ఈ సగం ఒప్పుకోలు వల్లే ‘అందర్లోనూ’ అన్న మాటకు హద్దు గీయాలి. తెలుగువాళ్లందరూ అని అర్థం చెబితే వాక్యం నిలవదు. పి.వి. సింధు 2016 రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, 2019లో బాసెల్‌లో ప్రపంచ స్వర్ణం, దానికి ముందు ప్రపంచ పోటీల్లోనే రెండు కాంస్యాలు, రెండు రజతాలు తెచ్చింది. అదీ ఆసియా అంతా ఆడే ఆటలో. ప్రపంచ కిరీటాలు ఇటు రెండు, అటు ఒకటి అన్నంత మాత్రాన తక్కెడ మల్లీశ్వరి వైపు మొగ్గదు. ఫస్టు అంటే కాలక్రమంలో మొదటిది, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ అని అర్థం చెప్పి గట్టెక్కుదామని కొందరి ఎత్తుగడ. సంగతి నిజమే, వాక్యానికి మాత్రం అది పిరికి అర్థం. ఏకారం పెట్టి గద్దించిన కర్త తేదీలు చెప్పడానికి నోరు తెరవలేదు. కనుక ‘మనోల్లు’ అంటే ఇచ్ఛాపురం మొదలు విజయనగరం దాకా అని సిద్ధాంతం. అక్కడ ఏకారం చెల్లుతుంది. హైదరాబాదు దాకా సాగదీస్తే ఆమె రెండోది. మూడోస్థానానికి నిజామాబాదు నిఖత్ జరీన్ పేరు ఇప్పటికే వినబడుతోంది, 2022లోనూ 2023లోనూ బాక్సింగ్ ప్రపంచ విజేత గనక. మల్లీశ్వరి గ్రంథం 2004 ఏథెన్స్‌తో సమాప్తం. నిఖత్‌ది ఇంకా సాగుతోంది. ముగియని గ్రంథానికి టీక రాయడం శాస్త్రసమ్మతం కాదు, అటువైపు వెళ్లే బండిలో కూర్చున్నవారు ఏమైనా అనుకోవచ్చు.