నెలకో మహాభారతం

బుక్ క్లబ్బులో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ వంతు రాగానే ఎవరో ఒకరు రాబర్ట్ జోర్డన్ ‘వీల్ ఆఫ్ టైమ్’ అంటారు. 1990లో మొదలైన ఆ 14 సంపుటాల కథను ముగించకుండానే రచయిత 2007లో కన్నుమూశారు. మిగతాది బ్రాండన్ శాండర్సన్ 2013కి పూర్తిచేశారు. సభ్యులు మాత్రం నెలాఖరుకల్లా చదివి రావాలట!

పోనీ, జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్? ఆయన నవలామాలికలో అయిదో సంపుటం 2011లో వచ్చింది. ఆరోదాని కోసం పాఠకులు ఇంకా కాచుకునే ఉన్నారు.

‘డ్యూన్’ నవల పేరెత్తితే అందరూ సై. తీరా చర్చ రోజున నోరు విప్పేది సినిమా చూసొచ్చినవాళ్లే.

చిన్న పుస్తకాలకేం కొదవ? ఈ కోవ రచనలకిచ్చే హ్యూగో అవార్డుల్లో 17,500 నుంచి 40,000 పదాల లోపు నవలికలకు వేరే విభాగమే ఉంది. 2018లో అక్కడ గెలిచింది మార్తా వెల్స్ ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’. ఎంపిక చేసే పెద్దలారా, ముందు ఆ విజేతల జాబితా తిరగేయండి.